చిన్న గదికి సరిపోయే ఎయిర్ ప్యూరిఫయర్‌ను ఎంచుకోవడం ఎలా?

గది చిన్నది కాబట్టి యంత్రం ఎంత చిన్నదైనా సరిపోతుందన్న ఊహతో ఎయిర్ ప్యూరిఫయర్ కొనేవారు చాలామంది ఉన్నారు. నీళ్ల సీసా అంత ఉండి, బల్ల మీద ముచ్చటగా ఇమిడిపోయే పరికరం తక్కువ ధరకు దొరుకుతున్నప్పుడు పడకగదికి ఇంతకంటే ఏం కావాలి అనిపించడం సహజమే. అయితే ఆ పరికరం గంటలో శుద్ధి చేసే గాలి గదిలోని మొత్తం గాలిలో ఏ పదో వంతో అయినప్పుడు, అది రాత్రంతా తిరిగినా మీరు పీల్చే ధూళిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. గది ఎంత చిన్నదైనా, ఆ గదికి చాలినంత గాలిని శుద్ధి చేయడం, ఆ పనిని నిద్ర చెడకుండా చేయడం, ఏళ్ల తరబడి మీరు భరించగల ఖర్చులో చేయడం అనే మూడు పరీక్షల్లోనూ యంత్రం నెగ్గాలి. ఈ మూడింటినీ కొనడానికి ముందే, కాగితం మీద చిన్న లెక్క వేసి తేల్చుకోవచ్చు.

విప్పి చూస్తే ఎయిర్ ప్యూరిఫయర్ చాలా సరళమైన పరికరం. ఒక ఫ్యాను, ఒక ఫిల్టర్, ఆ రెండింటినీ బిగించిన ఒక డబ్బా ఉంటే ఎయిర్ ప్యూరిఫయర్ అయినట్టే. రంగులు మారే దీపాలు, అంకెలు చూపే తెరలు, మొబైల్ యాప్‌లు ధరను పెంచుతాయి గానీ ఒక్క ధూళికణాన్ని కూడా పట్టుకోవు. కాబట్టి పరిమితమైన సొమ్ముతో కొనేటప్పుడు మీ పరిశీలన అంతా ఫ్యాను ఎంత గాలిని నెడుతోంది, ఫిల్టర్ ఆ గాలిలోని ఎంత ధూళిని ఆపుతోంది అన్న రెండు ప్రశ్నల మీదే నిలపాలని నా సలహా.

ముందుగా సమస్య ఏమిటో తేల్చుకోండి

ఇంట్లోని గాలిని పాడుచేసేవాటిలో తేలియాడే కణాలు ఒక రకం, వాయువులు మరొక రకం. దుమ్ము, పొగ, పుప్పొడి, పెంపుడు జంతువుల చర్మపు పొట్టు, బూజు బీజాలు కణాల కిందికి వస్తాయి. రంగులు, వార్నిష్‌లు, కొత్త ఫర్నిచర్, శుభ్రపరిచే ద్రవాల నుంచి వెలువడే ఆవిర్లు వాయువుల కిందికి వస్తాయి. చిన్న, చవక ప్యూరిఫయర్ మొదటి రకాన్ని చాలా సమర్థంగా తగ్గించగలదు, రెండో రకం మీద దాని ప్రభావం స్వల్పం. మీ బాధ ప్రధానంగా దుమ్ము, పొగ, పుప్పొడి అయితే ఈ యంత్రం మీకు నిజంగా ఉపయోగపడుతుంది. కొత్తగా వేసిన రంగు వాసన పోవడమే మీకు కావలసిందైతే, కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచడమే ఎక్కువ మేలు చేస్తుంది.

కణాల్లో ఎక్కువ హాని చేసేవి కంటికి కనిపించేవి కావు. 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న కణాలను పీఎం 2.5 అంటారు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు కాబట్టి, దాని పక్కన ఇవి ఎంత సూక్ష్మమైనవో ఊహించుకోవచ్చు. ఇంత సన్నని కణాలను ముక్కు, గొంతు పూర్తిగా ఆపలేవు గనుక అవి ఊపిరితిత్తుల లోతుల దాకా వెళతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు మించకూడదు. మనం రోజులో మూడో వంతు కాలం ఒకే పడకగదిలో, ఒకే గాలి పీలుస్తూ గడుపుతాం కాబట్టి, ఇంట్లో ఒక్క యంత్రం మాత్రమే కొనగలిగితే దాని చోటు పడకగదే.

ఇక్కడ ఒక హెచ్చరికను తప్పక చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను ఇంట్లో వాడే ఎయిర్ ప్యూరిఫయర్ తొలగించలేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటినో, గ్యాస్ హీటర్‌నో వెలిగించి, పక్కనే ప్యూరిఫయర్ నడుస్తోంది కదా అని నిశ్చింతగా నిద్రపోవడం ప్రాణాంతకం కావచ్చు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ఈ యంత్రం తగ్గించదు. అలాగే గోడకు చెమ్మ పట్టి బూజు పెరుగుతుంటే, ఆ చెమ్మకు మూలం వెతికి ఆపనంతవరకు ఏ యంత్రం పెట్టినా బీజాలు పుట్టుకొస్తూనే ఉంటాయి.

గదిని కొలిచి లెక్క వేయండి

టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ప్రకటనలన్నీ చదరపు అడుగుల్లోనే మాట్లాడతాయి గానీ, మీరు పీల్చేది నేలను కాదు, నేల నుంచి పైకప్పు దాకా నిండిన గాలిని. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో 1200 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. పైకప్పు 8 అడుగుల ఎత్తులోనే ఉంటే అదే గదిలో 960 ఘనపుటడుగులే ఉంటాయి. ఎత్తును వదిలేసి లెక్క వేస్తే ఐదో వంతు పొరపాటు వచ్చే అవకాశం ఉందన్నమాట. గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచే అలవాటు మీకుంటే పక్కగదిని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

తర్వాత, ఆ గాలి గంటకు ఎన్నిసార్లు శుద్ధి కావాలో నిర్ణయించుకోండి. గంటకు 5 సార్లు అన్నది మంచి కొలమానం. అమెరికాలోని వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాల సంస్థ 2023లో జనం ఉండే గదుల కోసం సూచించిన కనీస లక్ష్యం కూడా ఇదే. 1200 ఘనపుటడుగుల గదికి గంటకు 5 సార్లు అంటే 6000 ఘనపుటడుగులు, అనగా నిమిషానికి 100 ఘనపుటడుగుల శుభ్రమైన గాలి. కొందరు తయారీదారులు గంటకు ఘనపు మీటర్లలో చెబుతారు కాబట్టి, నిమిషానికి ఒక ఘనపుటడుగు అంటే గంటకు సుమారు 1.7 ఘనపు మీటర్లని గుర్తుంచుకుంటే మార్చుకోవడం సులువు. మన ఉదాహరణలోని గదికి అది గంటకు 170 ఘనపు మీటర్లు. మీ గదికి వచ్చిన సంఖ్యను ఒక చీటీ మీద రాసుకుని, కొనడం పూర్తయ్యేదాకా దగ్గర ఉంచుకోండి.

సీఏడీఆర్ సంఖ్యను వెతకండి

ఆ చీటీ మీద ఉన్న సంఖ్యతో పోల్చి చూడవలసిన దాన్ని సీఏడీఆర్ అంటారు. ఒక యంత్రం నిర్ణీత కాలంలో అందించే శుభ్రమైన గాలి పరిమాణమే సీఏడీఆర్. ఇందులో ఫ్యాను బలమూ, ఫిల్టర్ పనితనమూ రెండూ కలిసి ఉంటాయి కాబట్టి, యంత్రం గురించి తయారీదారు చెప్పే మాటలన్నింటిలోనూ దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి. అమెరికాలో గృహోపకరణాల తయారీదారుల సంఘం రూపొందించిన పద్ధతిలో పొగకు, దుమ్ముకు, పుప్పొడికి వేర్వేరుగా మూడు సంఖ్యలు ఇస్తారు. వాటిలో పొగ సంఖ్యను చూడండి. పొగ కణాలు అన్నింటికంటే సన్నగా ఉంటాయి గనుక, వాటి విషయంలో నెగ్గిన యంత్రం తక్కినవాటిలోనూ నెగ్గుతుంది.

ఆ సంఘమే చెప్పే సులభ సూత్రం ఒకటుంది. చదరపు అడుగుల్లో గది వైశాల్యం ఎంతో, అందులో కనీసం మూడింట రెండు వంతులు పొగ సీఏడీఆర్ ఉండాలి. 120 చదరపు అడుగుల గదికి నిమిషానికి 80 ఘనపుటడుగులు అన్నమాట. ఈ సూత్రం 8 అడుగుల ఎత్తున్న గదులను దృష్టిలో పెట్టుకుని చేసినది కాబట్టి, పైకప్పు ఎత్తుగా ఉన్న గదిలో దాన్ని నమ్మకుండా ఘనపుటడుగుల లెక్కే వాడండి. 10 అడుగుల ఎత్తుకు అదే 120 చదరపు అడుగుల గదికి 100 కావాలని ఇంతకుముందే చూశాం.

పెట్టె మీద ‘ఇన్ని చదరపు అడుగులకు సరిపోతుంది’ అని పెద్ద అక్షరాల్లో ఉండే మాటను పట్టించుకోకండి. ఆ అంకె వెనక గంటకు ఎన్ని సార్లు శుద్ధి అవుతుందని అనుకున్నారో ఆ పెట్టె మీద అరుదుగా చెబుతారు. గంటకు ఒక్కసారే లెక్కగట్టి రాస్తే, ఐదు సార్లకు లెక్కగట్టిన దానికంటే ఐదు రెట్ల వైశాల్యం చూపించవచ్చు. రెండు అంకెలూ అబద్ధం కాకపోయినా, మొదటిదాన్ని నమ్మి కొన్నవారు నష్టపోతారు. సీఏడీఆర్‌ను ఎక్కడా చెప్పని యంత్రాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకైనా, కొనకపోవడమే మంచిది. యూఎస్‌బీ తీగతో పనిచేసే అరచేతి పరికరాలు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి.

రాత్రి వేగానికి తగ్గట్టు ఎంచుకోండి

ఎక్కువమంది కొనుగోలుదారులు మోసపోయేది ఇక్కడేనని నా అభిప్రాయం. ప్రకటించే సీఏడీఆర్ యంత్రం అత్యధిక వేగంతో తిరుగుతున్నప్పటిది. ఆ వేగంలో చిన్న యంత్రాలు చేసే హోరులో నిద్రపోవడం చాలామందికి సాధ్యం కాదు. దాంతో మొదటి రాత్రే వేగం తగ్గిస్తారు, శుద్ధి కూడా అదే నిష్పత్తిలో పడిపోతుంది. 100 సీఏడీఆర్ ఉన్న యంత్రాన్ని మూడో వంతు వేగంలో నడిపితే మీకు అందేది సుమారు 33, అంటే మన ఉదాహరణలోని గదిలో గంటకు రెండుసార్లు కూడా గాలి శుద్ధి కాదు. డబ్బు మాత్రం 100కు చెల్లించి ఉంటారు.

ఫ్యానుల ప్రవర్తనలో మనకు కలిసివచ్చే ఒక గుణం ఉంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి ప్రవాహం కూడా దాదాపు సగమే తగ్గుతుంది గానీ, శబ్దం స్థూలంగా 15 డెసిబెల్స్ పడిపోతుంది. చెవికి అది చాలా పెద్ద తేడా. కాబట్టి గదికి సరిగ్గా సరిపోయే యంత్రాన్ని పూర్తి వేగంతో నడపడం కంటే, అవసరానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు సీఏడీఆర్ ఉన్న యంత్రాన్ని కొని నెమ్మదిగా నడపడం అన్ని విధాలా మేలు. 180 సీఏడీఆర్ ఉన్న యంత్రం మూడో వంతు వేగంలో 60 ఇస్తుంది. అదే 1200 ఘనపుటడుగుల గదిలో అది గంటకు మూడు సార్ల శుద్ధి. నిద్రకు అరగంట ముందు తలుపులు, కిటికీలు మూసి, పూర్తి వేగంతో నడిపి గదిని శుభ్రం చేసి, పడుకునేటప్పుడు వేగం తగ్గిస్తే, రాత్రికి ఆ మూడు సార్లు చక్కగా సరిపోతాయి.

చోటు తక్కువగా ఉంటే పెద్ద యంత్రం ఎక్కడ పెట్టాలన్న సందేహం వస్తుంది. నిలువుగా ఉండే గుండ్రటి యంత్రాలు చుట్టూ గాలి పీల్చుకుంటాయి కాబట్టి, తక్కువ నేల ఆక్రమించుకుని ఎక్కువ గాలిని నెట్టగలవు. యంత్రం ఎత్తు కాస్త ఎక్కువైనా ఇబ్బంది లేదు, అడుగుభాగం ఎంత చోటు తీసుకుంటుందో చూసుకోండి. రెండు చిన్న యంత్రాలు కొని రెండింటినీ తక్కువ వేగంలో నడపడం మరో మార్గం. ఒకేలాంటి రెండు యంత్రాలు కలిసి చేసే శబ్దం ఒక్కదాని కంటే 3 డెసిబెల్స్ మాత్రమే ఎక్కువ, శుద్ధి మాత్రం రెట్టింపవుతుంది. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. అయితే రెండు ఫిల్టర్ల ఖర్చు పడుతుందన్నది మరవకూడదు.

శబ్దం వివరాలు చదివేటప్పుడు అతి తక్కువ వేగంలోని డెసిబెల్ అంకెను, అతి ఎక్కువ వేగంలోని సీఏడీఆర్ అంకెను పక్కపక్కనే అచ్చువేసి చూపించే పద్ధతిని గమనించండి. ఆ రెండూ ఒకే సమయంలో మీకు దొరకవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన సూచనల ప్రకారం పడకగదిలో నిరంతరంగా వినిపించే శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదు. అందరికీ అంత కఠినంగా అవసరం ఉండదు, సన్నని ఏకధాటి హోరు కొందరికి నిద్ర పట్టడానికే తోడ్పడుతుంది. కానీ పసిపిల్లల గదికి, చిన్న అలికిడికే మెలకువ వచ్చే వారి గదికి మధ్య వేగంలో కూడా శబ్దం తక్కువగా ఉండే యంత్రాన్ని వెతకడం అవసరం. వీలైతే దుకాణంలోనే మధ్య వేగంలో నడిపించి వినండి. దుకాణం సందడిలో వినిపించే శబ్దం, అర్ధరాత్రి మీ గదిలో అంతకు చాలా రెట్లు పెద్దదిగా అనిపిస్తుందని గుర్తుంచుకోండి. దీపాలను పూర్తిగా ఆర్పివేసే వీలుందో లేదో కూడా అప్పుడే చూడండి.

ఫిల్టర్ గురించి తెలుసుకోవలసింది

మంచి ఫిల్టర్‌కు హెపా అన్న పేరు ప్రమాణంగా మారింది. అమెరికా ప్రమాణం ప్రకారం హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 99.97 శాతాన్ని పట్టుకోవాలి. ఐరోపా వర్గీకరణలో హెచ్ 13 తరగతి 99.95 శాతాన్ని, ఈ 12 తరగతి 99.5 శాతాన్ని, ఈ 11 తరగతి 95 శాతాన్ని పట్టుకుంటాయి. 0.3 మైక్రాన్ల దగ్గరే ఎందుకు పరీక్షిస్తారంటే, ఆ పరిమాణపు కణాలను పట్టడమే అన్నింటికంటే కష్టం. అంతకంటే పెద్దవి నేరుగా వెళ్లి పోగులకు తగులుకుంటాయి. అంతకంటే చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదురుతూ పోయి పోగులకు అంటుకుంటాయి. మధ్యస్థంగా ఉన్నవే గాలితోపాటు సందుల్లోంచి జారిపోతాయి. కాబట్టి ‘0.3 మైక్రాన్ల కంటే చిన్నవాటిని హెపా ఆపలేదు’ అన్న ప్రచారంలో నిజం లేదు.

‘హెపా తరహా’, ‘హెపా లాంటి’ అన్న మాటలకు ఏ ప్రమాణమూ లేదు. శాతం ఎంతో, ఏ పరిమాణపు కణాలకో చెప్పకుండా ఆ మాటలు మాత్రమే రాసి ఉంటే ఆ యంత్రాన్ని పక్కన పెట్టవచ్చు. అలాగని 99.95కూ 99.97కూ ఉన్న తేడా కోసం ఎక్కువ డబ్బు పోయడం కూడా వివేకం కాదు. ఆసుపత్రి శస్త్రచికిత్స గదిలో ఆ తేడాకు అర్థముంది గానీ, ఇంటి గదిలో అదే గాలి మళ్లీ మళ్లీ ఫిల్టర్ గుండా వెళుతుంది కాబట్టి, ఒకసారి తప్పించుకున్న కణం తర్వాతి చుట్టులో దొరికిపోతుంది. నిమిషానికి 100 ఘనపుటడుగులు నెట్టే యంత్రంలో 99.97 శాతం ఫిల్టర్ ఉంటే దాదాపు 100 సీఏడీఆర్ వస్తుంది. 120 నెట్టే యంత్రంలో 95 శాతం ఫిల్టర్ ఉన్నా 114 వస్తుంది. ఇంటికి రెండోదే మెరుగు. ఈ లెక్క మీ మనసుకు ఎక్కితే, చవక యంత్రాల మధ్య ఎంపిక చాలా సులువవుతుంది.

ఫిల్టర్‌ను బయటకు తీసి చూసే అవకాశం దొరికితే మూడు విషయాలు గమనించండి. మడతలు దగ్గరదగ్గరగా, లోతుగా ఉండాలి, ఎందుకంటే మడతలు పెరిగేకొద్దీ ధూళి పట్టే వైశాల్యం పెరిగి ఫిల్టర్ ఎక్కువ కాలం మన్నుతుంది. అంచుల చుట్టూ మెత్తని రబ్బరు లేదా స్పాంజి పట్టీ ఉండాలి, లేకపోతే గాలి ఫిల్టర్ గుండా పోకుండా పక్క సందుల్లోంచి జారిపోతుంది. వెంట్రుకలు, నూగు వంటి ముతక చెత్తను ఆపడానికి ముందుభాగంలో ఉతకదగిన జాలీ ఉండాలి.

వాసనల కోసం పెట్టే యాక్టివేటెడ్ కార్బన్ సంగతి వేరు. బొగ్గు రేణువులు ఎంత బరువు ఉంటే అంత వాయువును పట్టుకుంటాయి. చిన్న యంత్రాల్లో ఎక్కువగా ఉండేది నల్లని స్పాంజి మీద పలుచగా చల్లిన బొగ్గు పొడి మాత్రమే. అది కొద్ది వారాలు వాసనలను కాస్త తగ్గించి, ఆ తర్వాత నిండిపోతుంది. దాని కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

వద్దనుకోవలసినవి

ఓజోన్ పుట్టించే పరికరాలను ఇంట్లోకి తీసుకురాకండి. ఓజోన్ ఊపిరితిత్తులను మండించే వాయువు, ఉబ్బసం ఉన్నవారికి మరింత ప్రమాదం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇంట్లో వాడే ప్యూరిఫయర్లు వెలువరించే ఓజోన్ పదిలక్షల భాగాల్లో 0.050 భాగాన్ని మించకూడదన్న నిబంధన అమల్లో ఉంది. ఆ నిబంధనకు లోబడినట్టు ధ్రువీకరణ ఉన్న యంత్రమైతే ఈ విషయంలో కొంత భరోసా ఉంటుంది. అయొనైజర్, ప్లాస్మా వంటి పేర్లతో ఉండే అదనపు ఏర్పాట్లు కొన్ని కొద్దిమొత్తంలో ఓజోన్‌ను విడుదల చేస్తాయి. అవి లేని యంత్రం దొరికితే మంచిదే, లేకపోతే వాటిని విడిగా ఆపివేసే మీట ఉన్న యంత్రాన్ని ఎంచుకుని ఆపి ఉంచండి. అతినీలలోహిత దీపం కూడా చిన్న యంత్రాల్లో పేరుకే ఉంటుంది. గాలి దాని ముందు నిలిచే కాలం రెప్పపాటే కాబట్టి సూక్ష్మజీవులను నశింపజేయడానికి అది చాలదు.

ఆటోమేటిక్ పద్ధతి ఉన్న యంత్రాలు ధర ఎక్కువగా ఉంటాయి. ధూళిని కొలిచే సెన్సర్ యంత్రంలోనే ఉంటుంది గనుక, అది తన చుట్టూ ఉన్న శుభ్రమైన గాలినే చూసి, గది అవతలి మూల ఇంకా మురికిగా ఉండగానే వేగం తగ్గించేస్తుంది. మీరే ఒక వేగం నిర్ణయించి రోజంతా అదే వేగంలో నడపడం ఎక్కువ ఫలితమిస్తుంది. తిప్పే మీట ఉన్న సాదా యంత్రానికి ఇంకో సుగుణం ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు అది తనంతట తానే మళ్లీ తిరుగుతుంది. తాకితే పనిచేసే బటన్లున్న యంత్రాలు కొన్ని ఆగినచోటే ఉండిపోతాయి, మీరు నిద్రలో ఉంటే తెల్లారేదాకా ఆ విషయం తెలియదు.

ఐదేళ్ల ఖర్చు వేసి చూడండి

ప్యూరిఫయర్‌కు చెల్లించే ధర మొదటి వాయిదా లాంటిది. అసలు ఖర్చు ఫిల్టర్లది. ఒక యంత్రం ధరలో మూడో వంతు ఫిల్టర్ ధర ఉండి, దాన్ని ఆరు నెలలకోసారి మార్చాలనుకుందాం. ఐదేళ్లలో పది ఫిల్టర్లు కావాలి, మొదటిది యంత్రంతో వస్తుంది కాబట్టి తొమ్మిది కొనాలి. అంటే ఫిల్టర్లకే యంత్రం ధరకు మూడు రెట్లు పెడతారు. ఏడాది మన్నే ఫిల్టర్ ఉన్న యంత్రానికి నాలుగే సరిపోతాయి. కాబట్టి యంత్రాన్ని ఎంచుకోకముందే దాని ఫిల్టర్ ధర, మన్నిక, అది ఇప్పుడు మార్కెట్‌లో విరివిగా దొరుకుతోందా లేదా అన్నవి విచారించండి. ఫిల్టర్ దొరకని యంత్రం వట్టి ఫ్యానుతో సమానం. ఇతర కంపెనీలు చేసే చవక ఫిల్టర్లు కొన్ని యంత్రాలకు దొరుకుతాయి గానీ, అవి చట్రంలో వదులుగా కూర్చుంటే అంచుల్లోంచి గాలి కారిపోతుందని మరవకండి.

కరెంటు గురించి అంతగా చింతించనక్కరలేదు. 30 వాట్ల యంత్రం 24 గంటలూ తిరిగినా రోజుకు 0.72 యూనిట్లు, ఏడాదికి సుమారు 263 యూనిట్లు ఖర్చవుతాయి. నెమ్మదిగా నడిపితే అంతకంటే చాలా తక్కువ అవుతుంది.

కొనే శక్తి బొత్తిగా లేనివారికి ఒక ప్రత్యామ్నాయం ఉంది. అమెరికాలో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరు 2020లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె, నాలుగు ఎయిర్ కండిషనింగ్ ఫిల్టర్లను నలువైపులా నిలిపి, పైన పెట్టె ఆకారపు ఫ్యాను పెట్టి, సందులను టేపుతో మూసి చేసుకునేది. ఎమ్ఈఆర్‌వీ 13 తరగతి (ఫిల్టర్ కణాలను ఎంత బాగా ఆపుతుందో చెప్పే అమెరికా కొలమానంలో ఒక మెట్టు) ఫిల్టర్లతో చేస్తే అది ఖరీదైన యంత్రాలకు దీటుగా గాలిని శుద్ధి చేస్తుంది. చిన్న గదిలో చోటు బాగా ఆక్రమిస్తుందన్నదే దానిలోని ఇబ్బంది.

ఇంటికి తెచ్చాక

యంత్రాన్ని తెరిచి, ఫిల్టర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవరును తీసివేయండి. ఇది చెప్పవలసిన విషయమా అనిపించవచ్చు, కానీ ఆ కవరు తీయకుండానే నెలల తరబడి నడిపేవారు నిజంగానే ఉన్నారు, ఎందుకంటే కవరు ఉన్నా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. యంత్రాన్ని గోడకు కనీసం ఒక అడుగు ఎడంగా, పరదాలు, మంచం దుప్పట్లు దాని రంధ్రాలకు అడ్డుపడని చోట పెట్టండి. బీరువా వెనక దాచిపెడితే అది అక్కడి గాలినే తిప్పి తిప్పి శుభ్రం చేస్తుంది. మంచానికి తలవైపు, శుభ్రమైన గాలి మీ వైపు వచ్చేలా ఉండడం ఉత్తమం.

కిటికీల లెక్క కూడా తెలుసుకోవాలి. బయటి గాలి గంటకు ఎన్నిసార్లు లోపలికి వస్తుందో ఆ సంఖ్యను, దానికి యంత్రం చేసే శుద్ధిని కలిపితే వచ్చిన మొత్తంతో భాగించండి. బయటి ధూళిలో సుమారు అన్ని వంతులు లోపల మిగులుతుంది. కిటికీలు మూసి ఉండి, సందుల్లోంచి గంటకు ఒకసారి మాత్రమే గాలి మారే గదిలో, యంత్రం 5 సార్లు శుద్ధి చేస్తే ఆరో వంతే మిగులుతుంది. కిటికీ తెరిచి గంటకు 10 సార్లు గాలి వస్తుంటే, అదే యంత్రంతో మూడింట రెండు వంతులు మిగులుతుంది. బయట గాలి చెడ్డగా ఉన్నప్పుడు కిటికీలు మూయమనేది ఇందుకే. అయితే మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది కాబట్టి, రోజులో బయటి గాలి కాస్త మెరుగ్గా ఉన్న వేళ చూసుకుని కొంతసేపు తలుపులు, కిటికీలు తెరవండి. ఆ తర్వాత వాటిని మూసి యంత్రాన్ని పూర్తి వేగంలో నడిపితే గంటకు 5 సార్ల లెక్కన గదిలోని ధూళి 8, 9 నిమిషాలకొకసారి సగమవుతూ వస్తుంది.

పీఎం 2.5 కొలిచే చిన్న మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే ఒకరోజుకు అడిగి తెచ్చుకుని పరీక్షించండి. మీటరును యంత్రానికి దూరంగా, మంచం దగ్గర ఉంచి, అంకె రాసుకుని, గది మూసి అరగంట పూర్తి వేగంలో నడపండి. అంకె నాలుగో వంతుకో, అంతకంటే తక్కువకో దిగితే మీ ఎంపిక సరైనదే. సగానికి కూడా దిగకపోతే ముందు ఫిల్టర్ సరిగ్గా కూర్చుందో లేదో, కిటికీల సందులు ఎంత ఉన్నాయో చూసి, అప్పటికీ మారకపోతే వాపసు గడువు దాటకముందే యంత్రాన్ని తిరిగి ఇచ్చేయండి. పొగమంచు ఉన్న రోజున, గదిలో తేమను వెదజల్లే పరికరం నడుస్తున్నప్పుడు ఈ పరీక్ష చేయకండి, నీటి తుంపరలను కూడా మీటరు ధూళిగానే లెక్కిస్తుంది.

ముందు జాలీని రెండు మూడు వారాలకోసారి వ్యాక్యూమ్‌తోనో మెత్తని బ్రష్‌తోనో శుభ్రం చేస్తే లోపలి ఫిల్టర్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఉతకవచ్చని తయారీదారు స్పష్టంగా రాస్తే తప్ప హెపా ఫిల్టర్‌ను నీళ్లతో కడగకండి. చాలా ఫిల్టర్ల పోగుల్లో విద్యుదావేశం ఉంటుంది, తడిస్తే అది పోయి, ఫిల్టర్ చూడడానికి శుభ్రంగా కనిపిస్తూనే పట్టు కోల్పోతుంది. రంగు నల్లబడినంత మాత్రాన ఫిల్టర్ పాడైనట్టు కాదు. గాలి వేగం తగ్గినప్పుడు, బయటకు వచ్చే గాలిలో మక్కిన వాసన మొదలైనప్పుడు, లేదా తయారీదారు చెప్పిన గంటలు పూర్తయినప్పుడు మార్చండి. మార్చేటప్పుడు యంత్రాన్ని ఆపి, తీగను ప్లగ్గు నుంచి తీసి, పాత ఫిల్టర్‌ను దులపకుండా నెమ్మదిగా ఒక సంచిలోకి జార్చి మూతి కట్టేయండి. కొత్త ఫిల్టర్ చట్రం మీద ఆ రోజు తేదీని పెన్నుతో రాసి లోపల పెట్టండి.